లేచి నిలబడని ఆదివారం

పోయిన ఆదివారం ఆదోనిలో ఒక కొత్త చర్చికి పోయాను. మోకాళ్ళ నొప్పులతో మా పాత చర్చి దాకా నడవలేక, ఇదైతే వీధి మలుపులోనే ఉంది కదా అని పోయాను. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, "కొత్తగా వచ్చినారా అమ్మా?" అని అడిగి నా చేతిలో ఒక రంగు కాగితం పెట్టింది. యాభై ఏళ్ళుగా ఆదివారం తప్పకుండా చర్చిలో కూర్చుంటున్నదాన్ని. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచేలోపు ఆమె నా వెనకవాళ్ళకు కాగితాలు పంచుతోంది. ఈ వయసులో కొత్తదాన్నని అనిపించుకోవడం కూడా ఒక ముచ్చటే అనుకుని, పోయి ఒక కుర్చీలో కూలబడ్డాను.

కాగితం మీద "మొదటిసారి వస్తున్నారా?" అని పెద్ద అక్షరాలు. కింద ఇక్కడ ఏమేం జరుగుతుందో రాశారు. ముందు పాటలు ఉంటాయట, తర్వాత బైబిలు వాక్యం చెబుతారట, చిన్నపిల్లలకు పక్కగది ఉందట, ఏ బట్టలు వేసుకుని వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరట. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి ఊరుకుంటుందా? సంచిలోంచి పెన్ను తీసి రెండు తప్పులు దిద్దాను. మూడోదాని కోసం వెతుకుతూ చివరి వరుసకు వచ్చాను. "కొత్తవారిని లేచి నిలబడమని అడగము. మీకు నచ్చినచోట కూర్చోవచ్చు" అని ఉంది. తప్పు లేదు. కానీ పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్ళు ఏం పాడారో, ఏం చెప్పారో నాకు తెలియదు. నేను ఎమ్మిగనూరులో ఉన్నాను, నాకు పదేళ్ళు.

అమ్మ పోయిన ఎండాకాలం అది. మాది హొళగుంద అవతల చిన్న ఊరు, ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. నాయన కూలిపని చేసేవాడు. ఆ ఏడు మా ఊరి చేలల్లో పని లేక, కాలవ కింద వరినాట్లు ఉంటాయని సిరుగుప్ప వైపు పోవడానికి సిద్ధమయ్యాడు. ఆడపిల్లను గుడిసెల్లో పెట్టుకుని తిరగలేక, నన్ను ఎమ్మిగనూరులో మా అమ్మ అక్క దగ్గరికి తీసుకొచ్చాడు. పెద్దమ్మ పెళ్ళయినప్పటి నుంచి క్రైస్తవురాలు. ఆ గడప తొక్కడం మా నాయనకు అదే మొదలు. దసరాకు దేవరగట్టు కర్రల సమరంలో తగిలిన దెబ్బ తాలూకు గాటు ఆయన నుదుటి మీద ఉండేది. పెద్దమ్మ ఇంటి వాకిట్లో నిలబడి ఊరికే ఆ గాటు రుద్దుకుంటూ ఉన్నాడు.

"రాప్పా, రొట్టె తిని పో," అంది పెద్దమ్మ.

"ఒద్దులే వదినా, బస్సు పోతాది," అన్నాడు. తర్వాత వంగి నా రెండు చెంపలూ పట్టుకున్నాడు. "కొత్త సోటు పాపా. ఏడవాకు. కొత్త తీరకముందే వచ్చి తోలకపోతా. గమ్మునుండు."

నేను ఏడవలేదు. ఆ మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

పెద్దమ్మ ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. తెల్లవారింది మొదలు ప్రతి ఇంట్లోనూ మగ్గం టకటకా మోగేది. వీధి పొడుగునా నూలు ఆరేసేవాళ్ళు, గంజి పులిసిన వాసన ముక్కులోంచి పోయేది కాదు. పెద్దనాయన గుంతలో కాళ్ళు పెట్టి మగ్గం మీద కూర్చుంటే పొద్దు గూకేదాకా తలెత్తడు. పెద్దమ్మ శెనక్కాయల మిల్లుకు పోయేది. వాళ్ళకు పిల్లలు లేరు, పిల్లలతో మాట్లాడే అలవాటూ లేదు. తిండికి లోటు చేయలేదు. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, కొర్రన్నం అన్నీ పెట్టేవాళ్ళు. పెట్టి ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. వీధిలో పిల్లలు నా కన్నడం యాస విని నవ్వేవాళ్ళు. అందుకని నేను మాట్లాడటమే మానేశాను. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కూడా నా నోటి నుంచి వచ్చేది కాదు. అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను.

మొదటి ఆదివారం పెద్దమ్మ నా తలకు నూనె పట్టించి, బిగించి జడ వేసి, తెల్లటి తుండుగుడ్డ నెత్తిన కప్పింది. చర్చి అంటే ఏమిటో నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసింది గుడి ఒక్కటే. పెద్దమ్మ చెప్పులు విడిచి లోపలికి పోతూ ఉంటే నేను వెనకబడ్డాను. బయట రెండు రాతి కూసాల మధ్య పెద్ద గంట, దాని నుంచి వేలాడే తాడు కనబడ్డాయి. గంట కొట్టకుండా దేవుడి ముందుకు పోకూడదని మా అమ్మ నేర్పింది. రెండు చేతులా తాడు పట్టుకుని బలం కొద్దీ లాగాను. ఊరంతా మోగింది. లోపల మొదలైన పాట ఆగిపోయింది. గంట కొట్టే తాత పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎవురమ్మా నువ్వు? మూడో గంట నేను కొట్టేసినా గదా!"

"దేవునికి తెలియాల కదా తాతా, మనం వచ్చినట్టు," అన్నాను.

తాత నా ముఖంలోకి చూసి నవ్వాడు. ఆయనకు ముందు పళ్ళు లేవు. "ఈ గంట దేవునికి కాదు పాపా, మనుసులకు. దేవుడు ఎప్పుడో వచ్చి కూసున్యాడు. మన జనాలే లేటు," అన్నాడు. నా చెయ్యి పట్టుకుని పోయి ఆడవాళ్ళ వైపు చాపల మీద, పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టాడు.

లోపల విగ్రహం లేదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద కొయ్య సిలువ, అంతే. ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు. ఒకాయన హార్మోనియం వాయిస్తుంటే ఇంకొకాయన డోలక్. పాట అయ్యాక ఒక పెద్దాయన లేచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు, అది ఎంతకీ అయిపోదు. అందరూ కళ్ళు మూసుకుంటే నేను మాత్రం తెరుచుకుని, దేవుడు ఇప్పుడన్నా వస్తాడేమోనని బల్ల వైపే చూశాను. ప్రార్థన ముగిశాక అయ్యగారు ముందుకొచ్చారు. మా దిక్కున పాస్టరును అయ్యగారు అనే అంటారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఈ దినం కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి," అన్నారు.

పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. లేచాను. అన్ని తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. పేరు అడిగారు, చెప్పాను. ఊరు అడిగారు, చెప్పాను.

"ఎవరి పాపవు తల్లీ?"

"మా నాయన పాపను. కొత్త తీరకముందే వచ్చి తోలకపోతానని సెప్పినాడు," అన్నాను.

కొందరు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. "మంచిది. అంతవరకు మా దగ్గరుండు," అన్నారు. అప్పుడు అందరూ ఒక్క గొంతుతో "వందనాలు" అన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి పోయి, వారమంతా వంట చేసేటప్పుడు పిడికెడు పిడికెడు తీసి దాచిన గింజలు గంపలో పోశారు. పెద్దమ్మ వెంట నేనూ పోయాను. అక్షింతలనుకుని నాలుగు కొర్రలు తీసి భక్తిగా నా నెత్తిన వేసుకున్నాను. మళ్ళీ నవ్వులు. పెద్దమ్మ ముఖం కందిపోయింది.

కానీ ఆరాధన అయ్యాక వాకిట్లో ఎంతమంది నా చెయ్యి పట్టుకున్నారో! ముసలమ్మలు, మిల్లు ఆడవాళ్ళు, అయ్యగారి భార్య, ముక్కూ ముఖం తెలియని మగవాళ్ళు. "వందనాలు పాపా," అంటూ ఒక్కొక్కరే నా చెయ్యి తమ చేతుల్లోకి తీసుకున్నారు. అమ్మ పోయాక నన్ను అట్లా పట్టుకున్నవాళ్ళు లేరు. ఇంటికొచ్చి కూడా ఆ చేతిని కాసేపు కడుక్కోలేదు.

మరుసటి ఆదివారం నన్ను ఎవరూ చూడలేదు. నేను పాతదాన్నయిపోయాను. నాకు భయం వేసింది. కొత్త తీరకముందే వస్తానన్నాడు కదా, ఒక్క వారానికే తీరిపోతే ఎట్లా? నాయన వచ్చేలోపు నేను ఇక్కడిదాన్నయిపోతే, ఇంక తీసుకుపోడేమో. అయ్యగారు కొత్తవాళ్ళు నిలబడండి అనగానే మళ్ళీ లేచి నిలబడ్డాను.

పెద్దమ్మ నా లంగా పట్టుకుని లాగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూసి, ఎప్పుడూ చూడనట్టే, "పేరేమి తల్లీ?" అని అడిగారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ వందనాలు. మూడో ఆదివారమూ అంతే, నాలుగోదీ అంతే.

ఇంట్లో పెద్దమ్మ ఎసట్లో పోయడానికి కొర్రలు కొలుస్తూ అడిగింది. "ఏమే, పదిమందిలో నా పరువు తీస్తాండావు. ఎన్నాళ్ళే నువ్వు కొత్తదానివి?"

"నాయన వచ్చేదాకా," అన్నాను.

పెద్దమ్మ చర్చికని దాచే కుండలో వేయాల్సిన పిడికెడు గింజలు చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత ఏ ఆదివారమూ నా లంగా పట్టుకుని లాగలేదు.

కొత్తదనం పోకుండా కాపాడుకోవడం నాకు పెద్ద పనయింది. పాటలు నోటికొచ్చేస్తున్నా పెదవులు బిగించి కూర్చునేదాన్ని. నా రెండు లంగాలూ సంచిలోంచి బయటికి తీయనిచ్చేదాన్ని కాదు. పెద్దమ్మ ఉతికి దండెం మీద వేస్తే, ఆరీ ఆరకముందే మడిచి సంచిలో పెట్టేసేదాన్ని. తాత మాత్రం గంట దగ్గర ఆపి పలకరించేవాడు. "ఈ వారం గూడా కొత్తేనా పాపా?" "కొత్తే తాతా." "అట్లే కానీ," అని జేబులోంచి రెండు వేయించిన శెనక్కాయలు తీసి ఇచ్చేవాడు.

వానలు పడ్డాయి. విత్తనాలు వేశారు. నాయన రాలేదు. ఒకసారి ఎద్దుల కోసం మా ఊరి మామ ఒకాయన సంతకు వచ్చి, పెద్దమ్మ ఇంట్లో నీళ్ళు తాగిపోయాడు. వీధి చివరిదాకా ఆయన వెంటబడి కబురు చెప్పాను.

"నాయన ఊరికొస్తే సెప్పు మామా. ఆదివారం సర్చి కాడికి వస్తే సాలు. కొత్తోళ్ళను లేసి నిలబడమంటారు. పేరు, ఊరు, ఎవురి మనిసివి అని అందరి ముందరా అడుగుతారు. నేను ప్రతి వారం నిలబడతాండా. ఎతుక్కునే పని లేదు, లేసి నిలబడిందే నేను అని సెప్పు."

"అబ్బో! అట్లే సెప్తాలే," అన్నాడు మామ. ఏదో గొప్ప సంగతి పంపినట్టు గంతులేస్తూ ఇంటికొచ్చాను.

పత్తి పగిలే నెల వచ్చింది. ఆ మధ్యలో చర్చిలో నా పక్కన ఒక పిల్ల కూర్చోవడం మొదలుపెట్టింది. నాకంటే ఏడాది పెద్దది, మా వీధి చివర మగ్గం వాళ్ళ కూతురు. నా యాసకు నవ్వేది, కానీ మళ్ళీ అట్లాగే అనమని అడిగేది. ఒక ఆదివారం అది నెత్తిన కప్పుకున్న గుడ్డ కొంగులో పుట్నాలు కట్టుకొచ్చింది. పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టగానే నా చెవిలో, "ఆయప్ప ప్రభువా అన్నప్పుడల్లా ఒకటి నోట్లో ఏసుకోవాల. నమలకూడదు," అంది.

ఆయన మామూలుగానే మాటకు ముందొకసారి, వెనకొకసారి ప్రభువా అనే మనిషి. ఆ రోజు వానల కోసం, రోగుల కోసం, మిల్లు యజమాని మనసు కోసం ప్రార్థించాడు. మా బుగ్గలు కోతుల దవడల్లాగా ఉబ్బిపోయాయి. నవ్వు ఆపుకోలేక ముఖాలు ఒకరి భుజంలో ఒకరు దాచుకున్నాం. ఒక పుట్నం దాని ముక్కులోంచి వచ్చినంత పనయింది. దాని చెయ్యి నా నోటి మీద, నా చెయ్యి దాని నోటి మీద. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. అయ్యగారు ముందుకొచ్చి కొత్తవాళ్ళను నిలబడమన్నారట, నాకు వినబడనే లేదు. నవ్వు తగ్గి తలెత్తేసరికి ఆడవాళ్ళు గింజలు పోయడానికి లేస్తున్నారు.

అయ్యో, నిలబడలేదే అనుకున్నాను. ఒక్క వారానికి ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను.

ఆరాధన అయ్యాక బయటికొస్తే, మెట్టు మీద చెప్పుల పక్కన ఒక చిన్న మూట ఉంది. పాత టవలు ముక్కలో కట్టిన బొరుగులు, ఒక బెల్లం గడ్డ. ఆ టవలు నాకు తెలుసు. తాత గంట కూసాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాపా, నుదుటి మీద గాటు ఉండేది మీ నాయనకేనా?"

తల ఊపాను.

"వచ్చిన్యాడు. రాప్పా లోపలికి అంటి. 'నిలబెట్టి ఎవురి మనిసివి అని అడుగుతారంట కదన్నా, బిడ్డను ఇడిసిపెట్టి పోయినోన్ని, అంతమందిలో ఏమని సెప్పేది' అన్యాడు. ఆ కిటికీ కాడ నిలబడుకున్యాడు. అయ్యగారు కొత్తోళ్ళను లేయమన్నప్పుడు వంగి వంగి సూసినాడు. ఎవురూ లేయలేదు. శానాసేపు సూసి, 'కొత్త తీరినట్టుందిలే అన్నా, బాగుంది' అని ఆ మూట పెట్టి పోయినాడు."

"నన్నెందుకు పిలవలేదు తాతా?" అని అరిచాను. తాత మీద అట్లా అరిచింది ఆ ఒక్కసారే.

బస్టాండు దాకా పరిగెత్తాను. ఎండకు అరికాళ్ళు కాలిపోతున్నాయి. సీతాఫలాలు అమ్మే ఆమె, "ఆదోని బస్సు ఇప్పుడే పాయ గదమ్మా," అంది. రోడ్డు మీద దుమ్ము ఇంకా అణగలేదు. మూట గుండెలకు హత్తుకుని అక్కడే కూర్చున్నాను. వెతుక్కుంటూ వచ్చిన పెద్దమ్మ తిట్టలేదు. నా పక్కనే నేల మీద కూర్చుని, తర్వాత నన్ను ఎత్తుకుని ఇంటికి నడిచింది. పదేళ్ళ పిల్లను, కాళ్ళు నేలకు తగులుతున్నాయి.

పై ఆదివారం మళ్ళీ లేచి నిలబడ్డాను, ఆ పై ఆదివారమూ. అయ్యగారు నా పేరు అడగలేదు. నా తలపై చెయ్యి పెట్టి ఊరుకున్నారు. క్రిస్మస్ ముందర ఒక ఆదివారం, నిలబడటానికి కాళ్ళు రాలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ నా సంచి తెరిచి, రెండు లంగాలూ తీసి దండెం మీద తన చీరల పక్కన వేసింది. నేను వద్దనలేదు.

నాయన మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు సిరుగుప్ప వైపు నుంచి కబురొచ్చింది, జ్వరంతో పోయాడని. ఆ రోజు నన్ను తీసుకుపోవడానికే వచ్చాడా, ఊరికే చూసిపోదామని వచ్చాడా అన్నది ఇప్పటికీ తెలియదు. మామను అడిగితే ఆయనా చెప్పలేకపోయాడు. నాకు తెలిసిందల్లా ఒకటే. నేను నిలబడి ఉంటే నాయన నన్ను చూసేవాడు, చూసి ఉంటే తీసుకుపోయేవాడు. నవ్వులో పడి నిలబడలేదు. యాభై ఏళ్ళుగా ఈ తప్పును ఎవరి ముందూ ఒప్పుకోలేదు, ప్రార్థనలో కూడా.

పోయిన ఆదివారం ఆ కొత్త చర్చిలో కుర్చీలో కూర్చోలేక, పాట మధ్యలోనే లేచి బయటికొచ్చాను. చెప్పులు వేసుకుంటూ చూస్తే, పక్క కిటికీ దగ్గర ఒకతను ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. ఖాకీ చొక్కా, గేటు బయట అతని ఆటో. ఒక చేతిలో చిన్నపిల్ల చెప్పుల జత ఉంది. నా కాళ్ళు నన్నడగకుండానే అటు నడిచాయి.

"ఈడెందుకు నిలబడినావప్పా? లోపలికి పో. నిలబెట్టి ఏమీ అడగరంట, ఇదో, ఇందులో రాసినారు," అని కాగితం చూపించాను.

"ఒద్దులేమ్మా. మా ఇంటామె, పాప లోపలుండారు. నాకు ఈడే బాగుంది," అన్నాడు సిగ్గుపడుతూ.

నేనూ అతని పక్కన నిలబడి కిటికీలోంచి చూశాను. యాభై ఏళ్ళుగా చర్చిలో కూర్చుంటున్నాను కానీ, బయట నిలబడి లోపలికి చూడటం అదే మొదటిసారి. అన్నీ వీపులే. కప్పుకున్న చెంగులు, జడలు, వంచిన తలలు. ఎవరు ఎవరో తెలియడం లేదు.

"మీ పాప ఏది?"

"అదో, మూడో వరసలో, ఆ మూలకి."

"ఇంతమంది వీపుల్లో ఎట్ల గుర్తుపట్టినావు?"

అతను నన్ను వింతగా చూశాడు. "నా బిడ్డను నేను గుర్తుపట్టలేనా అమ్మా? పక్క పిల్లతో ఏందో సెప్పుకోని నవ్వుతాంది సూడు, భుజాలు ఎట్ల ఊగుతాండాయో," అన్నాడు.

చూశాను. ఊగుతున్నాయి.

అయితే నాయన నన్ను చూశాడు. లేచి నిలబడితేనే కనబడతాననుకున్నది నేనే గానీ, ఆయనకు ఆ అవసరం లేదు. ఆ కిటికీ దగ్గర శానాసేపు నిలబడి, పుట్నాలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న నా వీపు చూసి, బాగుంది అని పోయాడు. ఆటో అతను వద్దంటున్నా వినకుండా ఆ పిల్ల చెప్పులు నేను తీసుకుని, ముగింపు ప్రార్థన అయ్యేదాకా అతని పక్కనే ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను.